తిరిగివ్వాల్సిన తేదీ

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, ఓక్ ట్రీ రోడ్డుకి నాలుగు సందుల అవతల ఒక ఇల్లు. ఆ ఇంటాయన ముప్ఫై ఏళ్లు ఇండియన్ గ్రాసరీ కొట్టు నడిపి నిరుడే అమ్మేశాడు. కొట్టు వెనక గోడంతా ఒకప్పుడు క్యాసెట్లు, తర్వాత డిస్కులు అద్దెకుండేవి. మిగిలిపోయిన పదకొండు వందల డిస్కులు ఇప్పుడు ఇంటి బేస్‌మెంటులో, అరటిపళ్ల అట్టపెట్టెల్లో ఉన్నాయి. ఇల్లు కూడా అమ్మి, కొడుకు దగ్గరికి టెక్సస్ వెళ్లిపోవాలని ఆయన ఆలోచన. సర్దడానికి అన్నగారి కూతురు వచ్చింది. ఆమె ఉద్యోగం ఒక వీడియో స్ట్రీమింగ్ కంపెనీలో. పెద్దాయన పారేయనంటాడని, పిల్ల పారేయమంటుందని ఎవరైనా అనుకుంటారు. జరిగింది తిరగేసి.

బాబాయి: ఇక పెట్టెలకి టేపు వెయ్యమ్మా. రేపు పొద్దున చెత్తబండి వచ్చేసరికి రోడ్డు పక్కన ఉండాలి.

అమ్మాయి: అన్నీనా? లోపల ఏమున్నాయో చూడకుండానే?

బాబాయి: చూసేదేముంది. ఏ సీడీ మీద ఎన్ని గీతలున్నాయో కళ్లు మూసుకుని చెప్పగలను.

అమ్మాయి: ఇవి సీడీలు కావు బాబాయ్, డీవీడీలు.

బాబాయి: ఏ పేరు పెట్టి పిలిచినా ఇప్పుడు అద్దెకి అడిగేవాడు లేడు. వ్యాపారం చేసినవాణ్ణి, లెక్క చెప్తా విను. ఇరవై ఏళ్ల కిందట ఈ దేశంలో డీవీడీలు ఏడాదికి 1,600 కోట్ల డాలర్ల దాకా అమ్ముడుపోయేవి. 2024లో డీవీడీ, బ్లూరే అన్నీ కలిపినా వంద కోట్ల డాలర్లు రాలేదు. బ్లాక్‌బస్టర్ వాడికి 2004లో తొమ్మిది వేల పైచిలుకు షాపులుండేవి. ఇప్పుడు ఆరెగాన్ రాష్ట్రంలో బెండ్ అనే ఊళ్లో ఒక్కటి మిగిలింది, గుడి చూసినట్టు జనం వెళ్లి చూసొస్తున్నారు. బెస్ట్ బై 2024లో సినిమా డిస్కులు అమ్మడం మానేసింది. అదే ఏడు రెడ్‌బాక్స్ దివాలా తీసింది. సూపర్‌మార్కెట్ గుమ్మాల్లో నిలబడే ఆ ఎర్ర పెట్టెలు ఇరవై వేల పైమాటే. అంత పెద్దవాళ్లు మునిగాక నా అరటిపళ్ల పెట్టెలు తేలతాయా?

అమ్మాయి: నెట్‌ఫ్లిక్స్‌ని వదిలేశావే!

బాబాయి: వాణ్ణి మర్చిపోతానా? నా కొట్టుకి మొదటి దెబ్బ వాడి ఎర్ర కవరే. 1998లో పోస్టులో డిస్కులు పంపడం మొదలెట్టాడు. కొట్టుకొచ్చే పనిలేదు, తర్వాత ఆలస్యానికి జరిమానా కూడా తీసేశాడు. నేనేమో రోజుకి డాలరు లేట్ ఫీజు అంటూ కౌంటర్లో కూర్చున్నాను. 2007లో అదే కంపెనీ ఇంటర్నెట్‌లో సినిమా చూపించడం మొదలుపెట్టింది. 2023 సెప్టెంబర్ 29న ఆఖరి కవరు పంపి ఆ పోస్టు పని మూసేసింది. అప్పటికి పంపినవి 520 కోట్ల డిస్కులట. డిస్కు మీద పుట్టి పెరిగినవాడే దానికి దణ్ణం పెట్టేశాక నువ్వేంటమ్మా పట్టుకు వేలాడతావు? పైగా నీ జీతం వచ్చేది ఆ స్ట్రీమింగ్ లోంచే కదా!

అమ్మాయి: అందుకే వేలాడుతున్నా. వంటింట్లో పనిచేసేవాడికి హోటల్ సాంబారు సంగతి తెలిసినట్టు నాకు లోపలి సంగతి తెలుసు. అయినా ఒకటి ఒప్పుకుంటా. అందరూ కొనే సరుకుగా డిస్కు పని అయిపోయింది. కొద్దిమంది కోరి కొనుక్కునేదిగా మాత్రం ఉంటుంది. గ్రామఫోన్ రికార్డు చూడు, దాని చావు ఎప్పుడో రాసేశారు. 2022లో అమెరికాలో రికార్డులు నాలుగు కోట్ల పైన అమ్ముడయ్యాయి, ఆడియో సీడీలు మూడు కోట్ల ముప్ఫై లక్షలు. రికార్డు సీడీని దాటడం 1987 తర్వాత అదే మొదటిసారి. 2023 చివర్లో ఓపెన్‌హైమర్ 4కె డిస్కు వచ్చిన వారంలోనే చాలా షాపుల్లో సరుకు అయిపోయింది. దాని దర్శకుడు నోలనే డిస్కు కొని ఇంట్లో పెట్టుకోమని జనానికి చెప్పాడు.

బాబాయి: నోలన్ సినిమాకి అట్ట కూడా అందంగా ఉంటుంది, అల్మరాలో పెట్టుకుంటారు. ఇటు చూడు, మన సరుకు. ఒక డిస్కులో మూడు సినిమాలు. డిస్కు మొత్తం పట్టేది ఎనిమిదిన్నర జీబీ. మూడింటిని కుక్కితే ఒక్కోదానికి మూడు జీబీ కూడా దక్కదు. హీరో పరిగెడితే మొహం గళ్లు గళ్లుగా విడిపోతుంది. నువ్వు చెప్పే 4కె పెళ్లిభోజనం వేరు, ఇది బస్టాండు పులిహోర.

అమ్మాయి: ఆ మాట నిజమే. బొమ్మ నాణ్యత అన్నది హాలీవుడ్ డిస్కుకి చెల్లే వాదన. 4కె డిస్కులో 66 జీబీ గానీ 100 జీబీ గానీ పడుతుంది. అదే రెండున్నర గంటల సినిమాని సెకనుకి 15 మెగాబిట్లతో పంపితే దాదాపు 17 జీబీ. తెర మీద రెండూ 4కె అనే ఉంటాయి. చీకటి సీన్లో, పొగలో, వానలో తేడా బయటపడుతుంది. మన పాత డీవీడీల తరఫున మాత్రం ఆ మాట అనలేను.

బాబాయి: అనలేవు. ఇంకో సంగతి. మీ పిన్ని వాళ్ల అమ్మ, ఎనభై ఎనిమిదేళ్లావిడ, పై గదిలో టీవీతో నోటిమాటగా చెప్పి యూట్యూబ్‌లో పాత సినిమా పెట్టించుకుంటుంది. వోల్గా వీడియో అని నేను డబ్బు పోసి తెచ్చిన డిస్కుల మీద పేరుండేది కదా, ఆ పేరుతోనే సినిమాలు అక్కడ ఊరికే ఉన్నాయి. నా రోజుల్లో ఇండియా నుంచి పాల్ పద్ధతిలో వచ్చిన క్యాసెట్టు ఇక్కడి వీసీఆర్‌లో ఆడేది కాదు. ఇక్కడి ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలోకి మార్పించాలి. మార్చిన కాపీకి ఇంకో కాపీ, దానికి ఇంకోటి. నాలుగో కాపీకి వచ్చేసరికి సావిత్రి ఎవరో జమున ఎవరో గొంతుని బట్టి పోల్చుకోవాలి. ఆ క్యాసెట్లలో ఎన్నింటికి హక్కులున్నాయో అడక్కు, చెప్పలేను.

అమ్మాయి: అడగను, నాకు తెలుసు.

బాబాయి: ఎడిసన్‌లో ఉన్నవాడికి నా కొట్టుండేది. మోంటానాలో ఒంటరిగా ఉన్న తెలుగు డాక్టరుకి ఏముండేది? ఇప్పుడు వాడూ నేనూ ఒకే రోజు కొత్త సినిమా చూస్తున్నాం. 2020 ఉగాదికి ఆహా వచ్చింది, తెలుగు కోసమే ఒక ఓటీటీ. ఇక్కడ పుట్టిన పిల్లలు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకుని మనతో కూర్చుంటున్నారు. ఇంతకన్నా ఏం కావాలి?

అమ్మాయి: ఇంతే ఎప్పటికీ ఉంటుందని ఎవరైనా రాసిచ్చారా? అది కావాలి. లోపల జరిగేది చెప్తా. మేం సినిమా కొనం బాబాయ్. ఇన్నేళ్లకి, ఇన్ని దేశాలకి, ఈ ఈ భాషల్లో చూపించే హక్కుకి ఒప్పందం రాసుకుంటాం. గడువు తీరే తేదీ సిస్టంలో ముందే ఎక్కించి ఉంటుంది. ఆ అర్ధరాత్రి సినిమా దానంతట అదే మాయమవుతుంది. ఎవరూ నొక్కక్కర్లేదు.

బాబాయి: ఇంకొకడు కొనుక్కుంటాడు.

అమ్మాయి: కొంటే సరి. హాట్‌స్టార్ అమెరికాలో విడిగా ఉండేది గుర్తుందా? 2022 చివర్లో ఇక్కడ మూసేసి సరుకులో చాలా భాగం హులూ వైపు మళ్లించారు. అదే డిసెంబర్‌లో హెచ్‌బీఓ తను సొంతంగా తీసిన వెస్ట్‌వరల్డ్‌నే తన యాప్ లోంచి తీసేసింది. తీసినవాడే దాచుకోకపోతే అద్దెకి తెచ్చుకున్నవాడు దాస్తాడా? స్టూడియోలు కలిసి పెట్టిన అల్ట్రావయొలెట్ అనే డిజిటల్ లాకరు 2019 జూలైలో మూతపడింది. నేనూ డబ్బు పెట్టి ‘కొన్న’ సినిమా ఒకటి ఓ రోజు నా లైబ్రరీలో కనబడలేదు. అడిగితే షరతుల్లో ముప్పయ్యో పేజీ చూపించారు. ఇలాంటివి ఎక్కువయ్యే కాలిఫోర్నియాలో చట్టం తెచ్చారు. 2025 జనవరి 1 నుంచి, నువ్వు కొంటున్నది సొంతం కాదు, లైసెన్సు మాత్రమే అని స్పష్టంగా చెప్పకుండా అమ్మకందారు ‘కొనండి’ అనే మాట వాడకూడదు. మాట వాడొద్దన్నారు గానీ వస్తువు చేతికివ్వమనలేదు.

బాబాయి: నా కొట్లో కూడా జనం అద్దెకే కదా తీసుకున్నారు? అప్పుడెవరికీ సొంతం కాలేదు.

అమ్మాయి: నీకు సొంతం. అక్కడే ఉంది కిటుకు. 1908లో ఇక్కడి సుప్రీంకోర్టుకి ఒక నవల కేసు వచ్చింది. డాలరు కన్నా తక్కువకి అమ్మకూడదని ప్రచురణకర్త పుస్తకంలోనే అచ్చు వేశాడు. మేసీస్ అనే పెద్ద షాపు వాళ్లు 89 సెంట్లకి అమ్మారు. ఒకసారి అమ్మాక ఆ ప్రతి మీద నీ పెత్తనం చెల్లదని కోర్టు ప్రచురణకర్తకి చెప్పింది. కొన్నవాడు దాన్ని అమ్ముకోవచ్చు, అరువివ్వచ్చు. వీడియో షాపులు నిలబడ్డది ఆ సూత్రం మీదే. నువ్వు కోఠీలో కొన్న డిస్కుకి ఇది వర్తిస్తుందా అంటే, 2013లో ఒక థాయ్ విద్యార్థి కేసులో దానికీ జవాబొచ్చింది. అక్కడ చవగ్గా దొరికే పాఠ్యపుస్తకాలు తెప్పించి ఇక్కడ అమ్మాడు. న్యాయంగా తయారైన ప్రతి ఏ దేశంలో తయారైనా కొన్నవాడిదేనంది సుప్రీంకోర్టు. స్ట్రీమింగ్‌కి ఆ సూత్రం అంటదు. అక్కడ ప్రతే లేదు, నీ చేతిలోకి వచ్చేదే లేదు.

బాబాయి: కోర్టు సంగతులు నాకూ కొన్ని తెలుసు. నీ సొంతం అంటున్న డీవీడీకి తాళం ఉంటుందా లేదా? 1998లో వచ్చిన డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం ప్రకారం ఆ తాళం పగలగొట్టి నీ కంప్యూటర్లోకి కాపీ చేసుకున్నా చట్టవిరుద్ధమే. మూడేళ్లకోసారి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఏవో మినహాయింపులిస్తుంది, అవి ఎక్కువగా బడులకీ లైబ్రరీలకీ. నీకూ నాకూ కాదు. కాపీ చేసుకోనివ్వరు, అసలేమో కుళ్లిపోతుంది.

అమ్మాయి: కుళ్లడమేంటి?

బాబాయి: ఇదిగో, దీన్ని ట్యూబ్‌లైటు కేసి పెట్టి చూడు. సూదిమొనలంత చుక్కలు కనబడుతున్నాయా? ప్లాస్టిక్ పొరల మధ్య అల్యూమినియం రేకు ఉంటుంది. జిగురు సరిగ్గా అంటకపోతే గాలి దూరి రేకు తినేస్తుంది. ఏదో చిన్న కంపెనీ సరుకే అలా అనుకోకు. 2006 నుంచి 2008 దాకా తయారైన తమ డీవీడీలు కొన్ని ఇలా పాడవుతున్నాయని వార్నర్ వాళ్లే 2025లో ఒప్పుకున్నారు. సరే, డిస్కు బాగానే ఉందనుకో, ఎందులో వేస్తావ్? ఒప్పో 2018లో ప్లేయర్ల పని మానేసింది. సామ్‌సంగ్ 2019లో అమెరికాకి కొత్త ప్లేయర్లు చాలించింది. డిస్కు కన్నా ముందు ప్లేయరు పోతుందమ్మా. పళ్లున్నప్పుడు పప్పుల్లేవు, పప్పులున్నప్పుడు పళ్లు లేవు.

అమ్మాయి: ఇది గట్టి మాట. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ప్లేయర్లు ఇంకా అమ్ముతున్నారు గానీ చేసే కంపెనీలు తగ్గుతున్నాయి. అయినా ఒకటి అడుగుతా. మన మొదటి టాకీ భక్త ప్రహ్లాద, 1932. చూద్దామా?

బాబాయి: ఎక్కడుంది చూడ్డానికి! ప్రింటే లేదు కదా.

అమ్మాయి: హెచ్.ఎం.రెడ్డి తీసిన సినిమా, తెలుగు సినిమాకి పుట్టినరోజు చేసుకునే సినిమా, ఒక్క ప్రతి మిగల్లేదు. ఇంత డబ్బున్న అమెరికాలో ఏమైంది? మూకీల కాలంలో తీసిన దాదాపు పదకొండు వేల కథాచిత్రాల్లో వందకి పద్నాలుగే అసలు రూపంలో పూర్తిగా మిగిలాయని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో తేల్చింది. ఆ రోజుల్లో ఆడిన ప్రింటుని వెనక్కి తెప్పించుకుని కరిగించి వెండి తీసుకునేవారు. అన్నీ యజమాని దగ్గరికే చేరాయి, యజమానికి వాటితో పని తీరిపోయింది. స్ట్రీమింగ్‌ని చూస్తే నాకు అదే గుర్తొస్తుంది. సినిమా మళ్లీ ఒకే చేతిలోకి వెళ్తోంది. ఒక చేతిలో ఉన్నది ఆ చేతి దయ. నాలుగు వందల చేతుల్లో ఉంటే ఏదో ఒక చెయ్యి మర్చిపోయైనా ఉంచుతుంది.

బాబాయి: మర్చిపోయి ఉంచడం భద్రపరచడం అవుతుందా? దానికి పుణేలో ఫిల్మ్ ఆర్కైవ్ 1964 నుంచి ఉంది. ఇక్కడ వర్జీనియాలో కొండ తొలిచి కట్టిన గిడ్డంగులున్నాయి. చల్లగా, పొడిగా నెగటివ్ దాచడం వాళ్ల పని. నెగటివ్ ముత్తాత అయితే నీ డీవీడీ మునిమనవడు. బేస్‌మెంటులో చెమ్మ తగిలే మునిమనవడు.

అమ్మాయి: ఆర్కైవ్‌కి సరుకెక్కణ్ణుంచి వస్తుందనుకున్నావ్? కెనడాలో డాసన్ సిటీ అనే ఊళ్లో 1978లో పునాదులు తవ్వుతుంటే అయిదు వందల పైగా మూకీ రీళ్లు బయటపడ్డాయి. ఎప్పుడో ఈతకొలను పూడ్చడానికి మట్టిలో పడేసినవి. గడ్డకట్టిన నేల వాటిని కాపాడింది. అది ఆ కాలపు బేస్‌మెంటు. అలాగని నీ పెట్టెల్లో అన్నీ అపురూపాలనను. సగం చెత్తే. కానీ ఏది చెత్తో తేల్చేది అల్గారిథం కాకూడదు, చెత్తబండీ కాకూడదు.

బాబాయి: మరి ఎవరు?

అమ్మాయి: ఇంకో సంగతి చెప్పి దానికొస్తా. ఆర్ఆర్ఆర్‌ని నా ఆఫీసులో అమెరికన్లందరూ చూశారు. ఏ భాషలో? నెట్‌ఫ్లిక్స్‌లో 2022 మే 20 నుంచి ఉన్నది హిందీ డబ్బింగు. తెలుగు మాట వినాలంటే అదే రోజు జీ5లో. తెలుగు పాటకి ఆస్కార్ తెచ్చిన సినిమాని ఎక్కువమంది తెలుగు లేకుండా చూశారు. తప్పు ఎవరిదీ కాదు, హక్కులు ముక్కలు చేసి అమ్మారంతే. జపాన్‌లో మాత్రం బ్లూరే వేశారు. బ్లూరే లెక్కలో జపాన్, అమెరికా ఒకే రీజియన్, కాబట్టి ఆ డిస్కు ఇక్కడి ప్లేయర్లోనూ ఆడుతుంది. ఇండియా వేరు.

బాబాయి: కింద జపనీస్ అక్షరాలు చదువుకుంటూ నాటు నాటు చూస్తావన్నమాట.

అమ్మాయి: చెవులకి తెలుగు వినబడితే చాలు, కింద ఏ అక్షరాలుంటే ఏం! ఇక ఎవరు తేల్చాలన్నదానికొస్తా. సియాటిల్‌లో స్కేర్‌క్రో వీడియో అని ఉంది బాబాయ్. 1988లో మామూలు అద్దె కొట్టుగా మొదలైంది. నడవక, 2014లో లాభాపేక్ష లేని సంస్థగా మార్చారు. లక్షా నలభై వేల పైచిలుకు సినిమాలు. లాస్ ఏంజిలిస్‌లో విడియట్స్ మూతపడి 2023లో పాత థియేటరు పంచన మళ్లీ తెరిచారు. మనకి అలాంటిది ఏముంది? క్రైటీరియన్ వాళ్లు 1984 నుంచి ప్రపంచ సినిమాని ఏరి డిస్కులు వేస్తున్నారు. సత్యజిత్ రాయ్ అపు చిత్రాల నెగటివ్‌లు మంటల్లో కాలితే, మిగిలిన ముక్కల్ని బాగుచేయించి 2015లో డిస్కు తెచ్చారు. మన సినిమాకి ఈ దేశంలో ఆ పని చేసింది పప్పులు, ఊరగాయలు అమ్మే కొట్లు. తెలిసి చెయ్యలేదు, చేశాయి.

బాబాయి: నన్ను మునగచెట్టు ఎక్కించకు. నేను చేసింది రెండు డాలర్ల అద్దె వ్యాపారం. సినిమాని దాచలేదమ్మా, తిప్పాను. అదే నీకూ నాకూ తేడా. నువ్వు దాస్తానంటావ్. నీ అపార్ట్‌మెంట్ క్లోజెట్‌లో పెట్టి తలుపేస్తావ్. చెత్తకుప్పలో ఉన్నా క్లోజెట్‌లో ఉన్నా చూడని సినిమా పోయిన సినిమానే. స్ట్రీమింగ్‌ని నేను మెచ్చుకునేది అందుకే. అక్కడ ఎవడో ఒకడు చూస్తున్నాడు.

అమ్మాయి: ...ఇది నేను ఆలోచించలేదు.

బాబాయి: ఆ కింద పెట్టెలో పొడుగాటి నోటుబుక్కులుంటాయి, తీయి. అదీ. తేదీ, సినిమా, మనిషి పేరు, తిరిగివ్వాల్సిన తేదీ, తెచ్చిన తేదీ. నేను పారేయనన్నది ఈ పెట్టెల్లో ఇదొక్కటే. ఇది చూడు, ఇసెలిన్ నుంచి ఒక పెద్దావిడ నడిచి వచ్చేది. కొడుకూ కోడలూ ఆఫీసు, పిల్లలు బడి. మాయాబజార్, మాయాబజార్, మళ్లీ మాయాబజార్. ఇంకోటి తీసుకోండమ్మా అంటే, ఇది ఇంకా అవలేదు బాబూ అనేది.

అమ్మాయి: ఆఖరిసారి తెచ్చిన తేదీ గడి ఖాళీగా ఉందే?

బాబాయి: ఆవిడ పోయింది. డిస్కు నేను అడగలేదు. పదకొండు వందల్లో నీకు మాయాబజార్ కనబడదు.

అమ్మాయి: అయితే ఆ ఇంట్లో ఉండుండాలి.

బాబాయి: ఉండొచ్చు. వాళ్లూ ఏ అరటిపళ్ల పెట్టెలోనో పెట్టుంటారు. సరే, విను. బేరం. ఈ పెట్టెలు ఒక్కోటీ తీసి చూద్దాం. ఏ సినిమా అయినా ఎక్కడో ఒకచోట, తెలుగులో, చూడదగ్గ బొమ్మతో దొరుకుతుంటే ఆ డిస్కు టౌన్ లైబ్రరీ వాళ్ల అమ్మకానికి. చుక్కలు పడ్డవి చెత్తకి. ఎక్కడా దొరకనివి నీకు.

అమ్మాయి: ఇవాళ దొరికేది రేపు దొరుకుతుందని లేదని గంట నుంచి చెప్తున్నా కదా!

బాబాయి: అన్నీ దాచాలంటే ఏదీ దాచలేవు. ముప్ఫై ఏళ్లు అరలు సర్దినవాడి మాట విను. యాభై మిగలనీ, వంద మిగలనీ. నీ దగ్గరున్నాయని నలుగురికీ తెలియాలి, అడిగినవాడికి ఇవ్వాలి, పుస్తకంలో రాయాలి. మంచి ప్లేయర్లు రెండు ఇప్పుడే కొను, ఒకటి ఆడటానికి, ఒకటి అది పాడైతే. ఇవ్వకుండా దాచుకునేట్టయితే చెత్తబండే నయం.

అమ్మాయి: ఒప్పుకున్నా. మరి నాకు అమ్ముతున్నావా, ఊరికే ఇస్తున్నావా?

బాబాయి: రెండూ కాదు. నీ 1908 కోర్టు ప్రకారం ఇవి నావి. అద్దెకిస్తున్నా.

ఆయన పాత పుస్తకంలో చివరి పేజీ తిప్పి, ఆ రోజు తేదీ వేసి, సినిమా పేరు ఉండాల్సిన చోట ‘మిగిలినవన్నీ’ అని, పక్కన ఆ అమ్మాయి పేరు రాశాడు. నాలుగో గడి దగ్గర పెన్ను ఆగింది.

అమ్మాయి: అది ఖాళీగా వదిలెయ్ బాబాయ్.

బాబాయి: ఖాళీగా వదిలితే అడగడం మర్చిపోతాను. వచ్చే ఏడు ఇదే రోజు టెక్సస్‌కి పుస్తకం పట్టుకురా. ఎన్ని పేర్లు ఎక్కాయో చూస్తాను. ఆలస్యమైతే రోజుకి డాలరు.